అమ్మ పేరున తొమ్మిది వేల అడుగులు

ఆ ఏడు జూన్‌లో మా ఎస్టేటుకి వచ్చిన డాక్టరు ఎవరికీ ఒక మాత్ర కూడా ఇవ్వలేదు. మా ఆడవాళ్ళ అడుగులు లెక్కపెట్టుకుని వెళ్ళాడు.

అది మలాయి దేశం, 1957. ఆగస్టు ఆఖరుకల్లా మెర్డెకా వస్తుందని, దేశం మన చేతికి వస్తుందని కల్లు కొట్టు దగ్గర రేడియో రోజూ చెబుతూనే ఉంది. హుటాన్ మెలింటాంగ్ వెనకాల ఉన్న మా ఎస్టేటులో మాత్రం ఎమర్జెన్సీ ఎక్కడిదక్కడే ఉంది. కూలీల లైను ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె, దానికి ఒకటే గేటు. పొద్దున్న ఆరు కొట్టేదాకా ఎవరూ దాటకూడదు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి తిండి అందుతుందని గేటు బయటికి ఒక్క మెతుకు పోనిచ్చేవారు కాదు. ఆడవాళ్ళని తడిమి చూడడానికి ఒక మలాయి అమ్మాయిని పెట్టారు. మా అమ్మ ముత్యాలు ఇంట్లో ఒక గ్లాసు కాఫీ తాగి ఆ గేటు దాటితే, మధ్యాహ్నం ఒంటిగంటకి తిరిగొచ్చాకే మళ్ళీ అన్నం ముఖం చూసేది.

అమ్మ వంతు మూడువందల నలభై రబ్బరు చెట్లు. ఒకసారి చెట్టు చెట్టుకీ వెళ్ళి కత్తితో గీత గీయాలి. పాలు కారి చెట్లకి కట్టిన మంగులు, అంటే చిప్పలు, నిండాక, అదే దారిలో మళ్ళీ తిరిగి అన్నీ బకెట్లలోకి వంచుకోవాలి. చెక్‌రోల్‌లో, అంటే హాజరు పట్టీలో, ఇదంతా ఒక్క మనిషి పని. నిజానికి మా లైనులో ఏ ఒక్క వంతూ ఒక్క మనిషి చేసింది కాదు. మొగుడో, అత్తో, బడికి పోయే పిల్లలో వెనకాల తిరిగేవారు. పాసు లేని మనిషి తోటలో కనిపిస్తే పోలీసులు పట్టుకుపోవచ్చు. అందుకని ఈ సంగతి ఎవరూ నోరు విప్పి అనేవారు కాదు. తోట పని అజమాయిషీ చేసే కండక్టరు గోపాలసామికి అంతా తెలుసు. పాలు బాగా వచ్చినంతకాలం ఆయన మొహం అటు తిప్పుకునేవాడు.

అమ్మ వెనకాల తిరిగేది నేను. నాకు పదమూడేళ్ళు. పట్నంలో ఇంగ్లీషు బడి నాకు మధ్యాహ్నం పూట. పొద్దున్న రెండో చుట్టు మొత్తం నేనే తిరిగి, పాలు ఎత్తి అమ్మకి అప్పజెప్పి, బస్సుకి పరిగెత్తేదాన్ని. అమ్మకి రెండేళ్ళుగా ఆయాసం. బకెట్టు ఎత్తితే పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగేవి. ఎస్టేటు ఆస్పత్రిలో డ్రెస్సరుకి చూపించుకుందామంటే ఒప్పుకునేది కాదు.

"ఆడు సిట్టీ రాస్తాడు. సిట్టీ రాస్తే సెక్‌రోల్లో పేరు కొట్టేస్తారు. నా పేరు కొట్టేస్తే నీ బడెలగ నడుత్తాది?" అనేది.

మా ఇంటికి రెండు పేర్లుండాలి. రబ్బరు షీట్లకి పొగ పట్టి ఆరబెట్టే స్మోక్‌హౌస్‌లో నాన్న కూర్మయ్య, తోటలో అమ్మ. ఆ లెక్క మీదే నా చదువు నిలబడి ఉంది.

డాక్టరు వచ్చిన రోజు పెరట్టులో, అంటే పొద్దున్న పేర్లు పిలిచే చోట, ఇరవై నాలుగు మంది ఆడవాళ్ళని వరసగా నిలబెట్టారు. గుండ్రంగా, జేబు గడియారంలా ఉన్న వస్తువు ఒకటి చొప్పున చేతికిచ్చారు. నడుముకి కట్టుకుంటే వేసిన ప్రతి అడుగుకీ లోపల ముల్లు జరుగుతుంది. మా మేనత్త పాపాయి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది.

"ఏటిది వదినా? తాళి సాలదని ఈ దొర గడియారం కూడా కడతన్నాడేటి?"

"అడుగులు లెక్కెడతాదట పాపాయీ," అంది అమ్మ.

"అయితే నా మొగుడికి కట్టమను లా. కల్లు కొట్టు కాడికి ఎన్ని అడుగులేత్తాడో, తిరిగొచ్చినప్పుడు ఎన్ని ఏత్తాడో, రెండూ రాసుకోమను."

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ఆ పూట నుంచే ఆయన పేరు గడియారం దొర అయిపోయింది.

ఎస్టేటు ఆస్పత్రి డ్రెస్సరు రామన్ అరవంలో విషయం చెప్పాడు. పట్నాల్లో కుర్చీల్లో కూర్చుని పనిచేసే వాళ్ళకి గుండెజబ్బు ఎక్కువవుతోందట, ఒళ్ళొంచి నడిచేవాళ్ళకి తక్కువేమోనని దొరకి అనుమానమట. ఆఫీసు కిరాణీలకి, అంటే గుమాస్తాలకి, కొన్ని గడియారాలు కట్టాడు, మావాళ్ళకి కొన్ని కట్టాడు. రెండూ పోల్చి చూసి పుస్తకం రాస్తాడట.

"మనకి గుండెనొప్పి ఎందుకొత్తాది? నడుంనొప్పి దానికి కాళీ ఇత్తే కదా!" అంది పాపాయి అత్త. మళ్ళీ నవ్వులు.

శనివారం నాకు బడి లేదు. ఆస్పత్రి వరండాలో దుప్పటి ఒకటి తెరలా కట్టి, దాని వెనక దొర ఒక్కొక్కరి గుండె విన్నాడు. రామన్ మగవాడు, తెర వెనకకి అతను రాకూడదన్నారు ఆడవాళ్ళు. ఇంగ్లీషు వచ్చిన ఆడపిల్ల లైనులో నేనొక్కదాన్నే. దొర అడిగింది వీళ్ళకి, వీళ్ళు చెప్పింది దొరకి చెప్పడానికి నన్ను పిలిచారు. ఎంత గర్వపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

గుండె విన్నాక, బయట ఒక చెక్కపెట్టె. టిక్కు టిక్కుమనే యంత్రానికి తగ్గట్టు ఐదు నిమిషాలు దాన్ని ఎక్కాలి, దిగాలి. తరవాత నాడి చూసి రాసుకుంటాడు.

అమ్మ వంతు వచ్చినప్పుడు దొర చాలాసేపు విన్నాడు. ఎడమవైపుకి ఒరగమన్నాడు. ఊపిరి బిగబట్టమన్నాడు. గొట్టం తీసి, చెయ్యి ఆనించి చూసి, మళ్ళీ గొట్టం పెట్టి విన్నాడు. అంతకు ముందు ఎవరికీ అంతసేపు వినలేదు. పుస్తకంలో ఏదో రాసుకుని, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఈమె పెట్టె ఎక్కనక్కరలేదు. గడియారం మాత్రం ఉంచుకోమను."

అమ్మకి చెప్పాను. అమ్మ జాకెట్టు సరిచేసుకుంటూ నవ్వింది.

"సూసినావా, నాకు పెట్టె తప్పింది. దొర మంచోడే."

చివరికి అందరినీ అడిగినట్టే అడిగాడు. "పనిలో ఈమెకి ఎవరైనా సాయం చేస్తారా?"

తెర కింద గోపాలసామి బూట్లు కనిపిస్తున్నాయి. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఎవరూ లేరని సెప్పు."

"లేదు సార్. ఒక్కతే చేస్తుంది," అన్నాను ఇంగ్లీషులో. ఆ ముక్క ఆ రోజు ఇరవై నాలుగు సార్లు చెప్పాను. వ్యాకరణం తప్పు లేకుండా చెప్పాను.

రెండు వారాలు గడియారాలు కట్టుకుని పనిచేశారు. అమ్మ పేరుకి ఎదురుగా రోజుకి తొమ్మిది వేల నాలుగువందల అడుగులు తేలాయి. పాపాయి అత్తకి పదివేలు. అందరివీ అటూ ఇటూగా అంతే. బకెట్లు పట్టుకుని రెండో చుట్టు తిరిగిన నా అడుగులు, అత్త మొగుడి అడుగులు, మిగిలిన పిల్లల అడుగులు ఏ పుస్తకంలోనూ లేవు.

జూలై రెండో వారంలో పెద్దదొర, అంటే ఎస్టేటు మేనేజరు, స్వయంగా పెరట్టుకి వచ్చాడు. ఆయన ఆ వేళప్పుడు మంచం దిగడం ఎవరూ చూడలేదు. చేతిలో కాగితం. ఆయన చదువుతుంటే గోపాలసామి తెలుగులో చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల చూపులే.

"డాక్టరు దొర పరీచ్చ సేసినాడు. మీ గుండెలు బాగున్నాయట. మీ పని, అనుకున్నంత కష్టం కాదని లెక్కలో తేలిందట. ఇంకో అరవై చెట్లు గీసినా ఒంటికి ఏటీ అవ్వదట. సోమారం నుంచి వంతుకి నాలుగొందలు."

పాపాయి అత్త ముందుకొచ్చింది.

"కండక్టరయ్యా, తవరికి తెలీదేటి? ఎవరి కాళ్ళు ఎన్నో?"

"నాకేటి తెల్సు?" అన్నాడు గోపాలసామి. "మీరు సెప్పిందే దొర రాసుకున్నాడు."

అది అబద్ధం కాదు. అందరూ కత్తులు తీసుకుని కదిలారు. మాకు మేమే తవ్వుకున్న గొయ్యి అది. కానీ పార మా చేతికిచ్చింది ఎవరు? సాయం ఉందని చెబితే పోలీసులు, లేదని చెబితే అరవై చెట్లు.

ఆ సాయంత్రం నాన్న మండిపడ్డాడు.

"ఆ దొరకి అప్పుడే నిజం సెప్పుంటే పోయేది కదా!"

"సెప్పుంటే నీ కూతురు ఈపాటికి స్టేసన్లో ఉండును," అంది అమ్మ, బియ్యం ఏరుతూ. "నాలుగొందలే కదా. ముందు నాలుగు రోజులు కష్టం, తరవాత అలవాటైపోతాది."

అలవాటు కాలేదు. పదో రోజున నేను మంగులు వంచుకుంటూ వెళుతుంటే మధ్యలో కొన్ని చెట్లకి గీతే లేదు. ముందుకి పరిగెత్తాను. అమ్మ ఒక చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉంది. కత్తి పక్కన పడి ఉంది. నోరు తెరిచి గాలి పీలుస్తోంది గానీ గాలి లోపలికి పోతున్నట్టు లేదు. పెదాలతో పాటు గోళ్ళు కూడా నల్లబడ్డాయి.

"ఎవరికీ సెప్పకే," అంది, ఆ స్థితిలోనూ.

ఈసారి నేను వినలేదు. పాపాయి అత్తని కేకేశాను. ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాం. రామన్ అమ్మని మంచం మీద తలవైపు ఎత్తు పెట్టి పడుకోబెట్టి, సూది వేసి, అల్మారాలోంచి గడియారం దొర ఇచ్చి వెళ్ళిన జాబితా తీశాడు. వేలితో వరస వెంట దిగి ఒకచోట ఆపాడు.

"పాపా, మీకు తెలుసనుకున్నానే," అన్నాడు అరవంలో. "గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు. అందుకే కదా పెట్టె ఎక్కించలేదు."

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. ఇదిగో తారీఖు."

నేను ఆ తారీఖు చదివాను. పక్కన అమ్మ పేరు లేదు, పదిహేడు అనే అంకె ఉంది. దానికెదురుగా ఒక పొట్టి వాక్యం, కింద గీత. చక్కటి దస్తూరీ. నేను పక్కనే నిలబడి ఉండగా రాసుకున్న వాక్యం అది.

"మరి సెప్పలేదేటి?" అంది పాపాయి అత్త.

రామన్ జాబితా మడిచి అల్మారాలో పెట్టేశాడు. "రెండు వారాలు విశ్రాంతి ఇస్తాను. కడుపునొప్పి అని రాస్తాను. నా చేతిలో ఉన్నది అంతే," అన్నాడు.

రామన్ అంత మాత్రమైనా చేశాడు. నేను అతన్ని ఏమీ అనను.

ఆగస్టు రెండో వారంలో కబురొచ్చింది. గడియారం దొర మళ్ళీ వస్తున్నాడట. నాలుగువందల చెట్లతో మరో కొలత తీసుకుంటాడట. ఆ రోజు నీళ్ళ కుళాయి దగ్గర పాపాయి అత్త బిందె కింద పెట్టి, నడుముకి చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఒలే, అందరూ ఇనండి. ఈసారి ఎవరి అడుగులు ఆళ్ళే ఎయ్యాల. మొగుళ్ళు, పిల్లలు, ముసిలోళ్ళు ఒక్కరు గేటు దాటకూడదు. ఎంత గీస్తే అంతే, ఎన్ని పాలొస్తే అన్నే. రెండు కొట్టగానే తూకం కొట్టుకి వొచ్చేద్దుం."

"సగం పేరే ఏస్తాడు, సగం కూలే ఇత్తాడు," అంది ఎవరో.

"ఎయ్యనీ. అందరికీ సగమైతే ఆడి పాల టాంకు కూడా సగమే నిండుతాది లా."

అమ్మ అప్పటికే పనిలోకి వెళుతోంది. వద్దని నాన్నా నేనూ ఎంత చెప్పినా వినలేదు. "అందరూ సేసిన కాడ నాను ఇంట్లో ఉంటే నా ఒక్కదాని అడుగులు అబద్ధం అయిపోతాయి," అంది. దొర వచ్చిన పొద్దున్న నేను కంచె లోపల నిలబడి ఆమె వెళ్ళడం చూశాను. పదేసి అడుగులకి ఒకసారి ఆగుతోంది. నా ఒళ్ళంతా పరిగెత్తుకు పొమ్మంటోంది. పోలేదు.

రెండు గంటలకి తూకం కొట్టు దగ్గర బల్ల వేసుకుని దొర కూర్చున్నాడు. బడి సెలవులు కనక నన్ను మళ్ళీ పిలిపించారు. ఒక్కొక్కరే గడియారం విప్పి ఇచ్చారు. పాపాయి అత్తది చూశాడు. రెండువందల తొంభై చెట్లు, పంతొమ్మిది వేల అడుగులు. ఆ తరవాతి ఆమెది పద్దెనిమిది వేల చిల్లర. చెట్లు తగ్గాయి, అడుగులు దాదాపు రెట్టింపయ్యాయి. అమ్మ నూట అరవై చెట్లే గీసింది. రెండు చుట్లూ తనే తిరిగింది. ఆమెవి తొమ్మిది వేలు దాటాయి.

దొర గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఇంకోటి ఊపాడు. పెద్దదొర వైపు తిరిగాడు.

"ఇక్కడి తేమకి స్ప్రింగులు పాడైనట్టున్నాయి. ఈ అంకెలు పనికిరావు."

ఇరవై నాలుగు మంది కాళ్ళు నిజం చెబితే, గడియారాలు చెడిపోయాయట.

"చెడిపోలేదు సార్," అన్నాను. "జూన్‌లో సగం అడుగులు మావి. పిల్లలవి. మీకు నేను అబద్ధం చెప్పాను."

గోపాలసామి దగ్గాడు. దొర కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. కోపం లేదు ఆ మొహంలో. బస్సు తప్పిపోయిన మనిషి మొహంలా ఉంది.

"ఆ వ్యాసం అప్పుడే లండన్‌కి పంపేశానమ్మా," అన్నాడు.

"ఏటంతన్నాడు?" అంది అమ్మ. ఆమెని ఒక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చోబెట్టారు.

"కాగితం పంపేశాడట."

"పోనీలే. నా గుండెలో ఏటిన్నాడో అడుగు."

అడిగాను. దొర మెడ ఎర్రబడింది. కవాటం సంగతి చెప్పాడు. బరువు పని చెయ్యకూడదని, కూర్చుని విశ్రాంతి తీసుకోవాలని చెప్పాడు. అమ్మకి మాట పొల్లుపోకుండా చెప్పాను.

"ఇది జూనులో ఎందుకు సెప్పలేదో అడుగు."

అదీ అడిగాను. ఆయన పెన్నుకి మూత పెట్టాడు. "నేను ఇక్కడికి ఆమె డాక్టరుగా రాలేదు," అన్నాడు.

ఈ మాట అమ్మకి ఎలా చెప్పాలో తెలియలేదు. ఉన్నదున్నట్టే చెప్పాను. అమ్మ ఆయన్ని తేరిపార చూసింది. గొంతు పెంచలేదు.

"డాట్రుగా రాకపోతే నా రొమ్ము మీద సెయ్యి ఏటని ఎట్టినాడో అడుగు."

పాపాయి అత్త కూడా నవ్వలేదు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆ రోజు నేను చెప్పిన చివరి మాట అదే. దొర గడియారాలు పెట్టెలో సర్దుకున్నాడు.

నాలుగు రోజులు ఆడవాళ్ళు అలాగే ఎవరి అడుగులు వాళ్ళే వేశారు. టాంకు సగం కూడా నిండలేదు. ఐదో రోజున వంతు మళ్ళీ మూడువందల నలభై అయింది. పెద్దదొర ఏ కాగితమూ చదవలేదు, గోపాలసామి చేత చెప్పించాడంతే. ఆ తరవాత పిల్లలూ మొగుళ్ళూ మళ్ళీ గేటు దాటారు. అందరూ మొహం అటు తిప్పుకున్నారు.

గడియారం దొర వెళ్ళేముందు తన మనసు తేలికపరచుకున్నాడు. పెద్దదొరకి ఉత్తరం రాసిచ్చాడు. పదిహేడో నంబరు ఆడమనిషి తోటపనికి పనికిరాదని. మర్నాడే అమ్మ పేరు కొట్టేశారు. రెండేళ్ళు ఆమె దాచుకున్న ఆయాసాన్ని, ఆయన జూన్‌లో ఆమెకి చెప్పకుండా తన కోసం దాచుకుని, ఆగస్టులో మేనేజరుకి చెప్పాడు. ధర్మంగానే ప్రవర్తించాననుకుని ఉంటాడు. ఈ వయసులో కూడా నాకు ఆ ఉత్తరం గుర్తొస్తే పళ్ళు బిగుసుకుంటాయి.

మెర్డెకా రోజున లైనులో జెండా ఎగరేశారు. పిల్లలకి లడ్డూలు పంచారు. నాన్న నన్ను పక్కకి పిలిచి, నా లడ్డూ నా చేతిలో పెట్టి, "మనింటికి రెండు పేర్లుండాల కదే," అన్నాడు. "పర్లేదు నాన్నా," అన్నాను. సోమవారం నాడు పెరట్టులో నా పేరు పిలిచారు. వయసు పద్నాలుగు దాటినట్టు గోపాలసామే రాసుకున్నాడు. ఆ మధ్యాహ్నం బస్సు నేను లేకుండా వెళ్ళింది.

పాలు ఎత్తడం నాకు వచ్చు గానీ ఎప్పుడూ కత్తి పట్టలేదు. మొదటి చెట్టుకే కత్తి లోపలిదాకా దిగి కట్టె తగిలింది. రెండోదానికీ అంతే. మూడో చెట్టు దగ్గర ఏడుపొచ్చింది. వెనకాల ఎండుటాకుల మీద చప్పుడైతే తిరిగి చూశాను. అమ్మ. గేటు దగ్గర ఏం చెప్పి దాటిందో తెలియదు. వచ్చి, చెట్టు మొదట్లో చతికిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. మాట్లాడడానికి కొంతసేపు పట్టింది.

గోపాలసామి సైకిలు దిగి వచ్చాడు.

"ముత్యాలూ, పేరు లేని మనిషి తోటలో ఉండకూడదు. ఎరగవేటి? లెగు లెగు."

"నాను పని సెయ్యట్లేదు బాబూ. కూకున్నాను."

"ఇక్కడ కూకోకూడదు."

"దొర డాట్రే కూకోమన్నాడు. యాడ కూకోవాలో కాయితంలో రాయలేదు. కావాలంటే అడిగి రాసుకో."

ఆయన సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడు. నేను బిక్కచచ్చి ఆయన మొహంలోకి చూస్తున్నాను.

"అటేటి సూస్తావు?" అంది అమ్మ నాతో. "సెట్టు కేసి సూడు. కత్తి ఇంకాస్త వంచు. బెరడు వరకే. అదీ. ఇంక నెమ్మదిగా లాగు."